ఇరవై నాలుగు నట్లు

మాస్టారు నా ఫీజు మొత్తం ముందే ఇచ్చేశారు. బేరం ఆడలేదు.

ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లు స్పేర్ పార్టులు అమ్మిన మనిషిని నేను. ఫ్యాన్ బెల్టు కొనడానికి వచ్చినవాడు కూడా ధర వినగానే ఒకసారి షాపు మెట్లు దిగుతాడు, నేను వెనక్కి పిలుస్తానని. తెలిసినవాళ్లకి పార్టులు ఇప్పటికీ నేనే అమ్ముతున్నా, ఆ షాపు తమ్ముడికి అప్పజెప్పి డిటెక్టివ్ బోర్డు పెట్టి ఆరేళ్లయింది. ఇక్కడా అంతే. నేను పదిహేను వేలంటాను, తొమ్మిది దగ్గర తెగుతుంది. గురువారం పొద్దున్న తొమ్మిదిన్నరకి వెంకటేశ్వరరావు మాస్టారు మాత్రం పదిహేను అనగానే కవరు తీసి నా బల్ల మీద పెట్టారు. కవరు మీద నా పేరు, దత్తాత్రేయ అని, ముత్యాలు పేర్చినట్టు రాసి ఉంది. ముప్పయ్యేళ్లు బ్లాక్‌బోర్డు మీద రాసిన చెయ్యి. తగ్గించమని ఒక్క మాటైనా అనకుండా వచ్చిన డబ్బు చేతికి కొత్తగా ఉంది. అయినా జేబులో పెట్టుకున్నాను.

"మా వాచ్‌మన్ పేరయ్యని బయటపడెయ్యాలండీ," అన్నారాయన.

"కేసు పెట్టింది మీరేగా?"

"పెట్టక తప్పలేదు."

సంగతి ఇదీ. మాస్టారు భవానీపురంలో ఒక కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శి. వాళ్ల పార్కు బాగుచెయ్యడానికి రాష్ట్ర ప్రభుత్వం గ్రాంటు ఇచ్చింది. సగం ముందు, పని అయిందని ఫొటోలు, సంఘం ఇచ్చే ధ్రువపత్రం పంపాక మిగతా సగం. రెండు సగాలూ వచ్చాయి. కాంట్రాక్టరు పార్కులో ఆరు వ్యాయామ యంత్రాలు బిగించాడు. సోమవారం రాత్రి ఆరూ మాయం. మంగళవారం మాస్టారి కంప్లైంటు. బుధవారం సాయంత్రం నాలుగున్నరకి పేరయ్య అరెస్టు. నేరం ఒప్పుకున్నాడు. ఈ రోజు నాలుగు గంటలకి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత రిమాండు. పేరయ్యకి యాభై ఎనిమిదేళ్లు, ఉబ్బసం. జైలు గోడల మధ్య వారం గడిస్తే మనిషి ఎలా బయటికొస్తాడో ఎవరూ చెప్పలేరు.

"శనివారం గ్రాంటు పనులు చూడ్డానికి తనిఖీ బృందం వస్తోంది," అన్నారు మాస్టారు. "యంత్రాలేవంటే ఏం చెప్పను? అందుకని కంప్లైంటు ఇచ్చాను. కానీ బీదవాడండీ. వాడితో మాట్లాడండి, వాడి గది చూడండి. కాగితమో చీటీయో, వాడికి పనికొచ్చేది ఏది దొరికినా నాకొక ఫోన్ చెయ్యండి."

ఆయన వెళ్లగానే లాయరు ఉషశ్రీకి ఫోన్ చేశాను. నా పాత కేసులు రెండు నెగ్గించిన పిల్ల.

"పోలీసుల ముందు ఒప్పుకున్నది విచారణలో చెల్లదు బాబాయ్. కానీ రిమాండుకి అదే చాలు," అంది. "నాలుగు లోపు గట్టి కాగితం తెండి. ఫోన్లో ఫొటోలు కాదు. అసలు కాగితం."

* * *

పార్కుకి వెళ్లేసరికి పదీ ఇరవై. గేటుకి తాళం. పది నుంచి నాలుగు దాకా పార్కు మూసెయ్యాలని రూలట. లోపల మోటారు గదిలో కాపురముంటున్న పేరయ్య భార్య కొండలమ్మ తాళంచెవితో వచ్చింది. యాభై దాటిన మనిషి, బక్కపల్చన, నల్లగా, నిటారుగా. రోజూ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతుంది.

"మాస్టారు పంపారా?" అంది.

"అవునమ్మా. మీ ఆయన్ని విడిపించడానికి."

గేటు తీసింది, మొహం మూసేసింది. ఆ తర్వాత నేనడిగిన ఏడు ప్రశ్నలకి ఏడు జవాబులు: "నాకు తెల్దు బాబూ." ఎనిమిదోది అడిగేలోపు యంత్రాలుండే చోటికి నడిచిపోయింది. నేను పరిగెత్తాల్సి వచ్చింది. బుట్ట మోసే మనుషుల నడక మామూలు నడక కాదు. కాలు నేలకి తగలకుండా జారిపోతుంది.

ఆ మూలన చుట్టూ ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది, "పనులు జరుగుచున్నవి" అని బోర్డుతో. పొద్దునా సాయంత్రం నడవడానికొచ్చే రెండొందల మందిలో ఒక్కరు కూడా ఆ గుడ్డ ఎత్తి చూడలేదు. గేటు దగ్గర కలిసిన ఒక పెద్దావిడని అడిగితే, "పనులని రాసి ఉంటే పనులే అనుకున్నామండీ," అంది. అంత నమ్మకం ఆవిడకి నా షాపు మీద ఉండి ఉంటే నేనీపాటికి రెండు మేడలు కట్టేవాణ్ణి.

గుడ్డ ఎత్తాను. ఆరు సిమెంటు దిమ్మలు. ఒక్కో దిమ్మలో నాలుగు బోల్టులు పైకి నిలబడి ఉన్నాయి. మొత్తం ఇరవై నాలుగు.

మోకాళ్ల మీద కూర్చున్నాను. ఇరవై రెండేళ్ల వ్యాపారంలో నేను మనుషుల కంటే నట్లనే ఎక్కువ చూశాను.

ప్రతి బోల్టుకీ నట్టు ఉంది. నట్టు కింద వాషరు ఉంది. మర తుప్పు పట్టకుండా గ్రీజు రాసి ఉంది.

దొంగ నట్టు విప్పి చీకట్లోకి విసిరేస్తాడు. పోనీ, ఇత్తడిదైతే జేబులో వేసుకుంటాడు. అంతేగానీ వాషరు వేసి, నట్టు తిరిగి బిగించి, గ్రీజు రాసి వెళ్లడు. ఆ పని చేసేవాడు ఒక్కడే. మళ్లీ వచ్చి అదే బోల్టు వాడుకునేవాడు.

ఇంకొకటి. దిమ్మ మీద యంత్రం పాదం ఆనిన చోట చదరంగా, శుభ్రంగా మచ్చ ఉండాలి. ఉంది. కానీ దాని మీద వాన చిందించిన ఎర్రమట్టి చుక్కలు ఎండిపోయి ఉన్నాయి. వాన పడింది పోయిన శుక్రవారం సాయంత్రం. ఆ తర్వాత చినుకు లేదు. యంత్రం సోమవారం రాత్రి దాకా దిమ్మ మీదే ఉంటే, దాని పాదం కిందకి శుక్రవారం వాన ఎలా వెళ్లింది?

వేలితో మట్టి గీకుతుండగా వీధిలోంచి ఒక చప్పుడు వినిపించింది. ఇంజను గొంతు చించుకుంటోంది, బండి మాత్రం కదలనంటోంది. ఎవరి కారో చూడక్కర్లేకపోయింది.

"గురువుగారూ!" అంటూ ప్రద్యుమ్న లోపలికి వచ్చాడు. ముప్పై అయిదేళ్ల వాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో టాబ్లెట్. ఇన్సూరెన్సు కంపెనీల తరఫున క్లెయిములు విచారిస్తాడు. ఏడాదిలో నాలుగు కేసుల్లో నాకు అడ్డుపడ్డాడు. "మీరమ్మిన క్లచ్ ప్లేటు ఎనిమిది నెలలకే కాలిపోతోంది. వాసన చూడండి."

"క్లచ్ మీద కాలు పెట్టి నిద్రపోతే ఏ ప్లేటూ ఆగదు."

"డూప్లికేటు."

"ఒరిజినల్. డబ్బాతో సహా ఇచ్చాను."

"డబ్బా ఒరిజినలే గురువుగారూ. ఆ డబ్బాని ఇంకా దాచుకున్నాను."

నేను మాట మార్చాను. "నీకిక్కడేం పని?"

"యంత్రాలకి సంఘం పాలసీ తీసుకుంది, గ్రాంటు నిబంధన ప్రకారం. మాస్టారు క్లెయిము పెట్టారు. మా పాలసీలో కాపలావాడే దొంగైతే కంపెనీ పైసా ఇవ్వక్కర్లేదు. కాపలావాడు ఒప్పుకున్నాడు. నాలుగింటికి రిమాండు, నాలుగూ పదికి నా రిపోర్టు."

"ఆ నట్లు చూడు."

"చూశాను. నట్లు."

"దొంగ నట్లు తిరిగి ఎందుకు బిగిస్తాడు?"

"పద్ధతి గల దొంగేమో! మీ వయసొస్తే నేనూ నట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను గురువుగారూ. ప్రస్తుతానికి నాకు సంతకం పెట్టిన ఒప్పుకోలు ఉంది."

"ఆ మట్టి చుక్కలు చూడు. శుక్రవారం వాన."

ఈసారి వంగి చూశాడు. నవ్వు కొంచెం తగ్గింది. తెలివిలేనివాడు కాదు, అదే నా చిరాకు. ఫొటో తీసుకున్నాడు. కానీ నిటారుగా లేచి, "ఇది మా కంపెనీకి అనవసరం," అన్నాడు. "కాపలావాడు శుక్రవారానికి ముందే దొంగిలించినా దొంగతనమే."

"ఒక అమాయకుడు జైలుకి పోతాడు."

"ఒప్పుకున్నవాడు అమాయకుడు ఎలా అవుతాడండీ?"

దానికి జవాబు కోసం స్టేషన్‌కి బయలుదేరాను. అది పేరయ్య దగ్గరే ఉంది.

* * *

స్టేషన్లో పది నిమిషాలు ఇచ్చారు. పన్నెండూ అయిదు నుంచి పన్నెండుంపావు దాకా. పేరయ్య బెంచీ చివర కూర్చుని ఊపిరిని ఒక్కొక్కటిగా లాగుతున్నాడు.

"నేనే తీశానండి," అన్నాడు, నేనింకా కూర్చోకముందే.

"ఏ పానాతో విప్పావు?"

"పానా లేదండి. సుత్తి పెట్టి కొట్టాను."

"సుత్తితో కొడితే మర వంగుతుంది పేరయ్యా. ఒక్క బోల్టు కూడా వంగలేదు. పందొమ్మిది నంబరు పానాతో తీరిగ్గా విప్పిన పని అది."

పేరయ్య గోడ వైపు తిరిగాడు.

"ఎక్కడ అమ్మావు?"

"ఆటోనగర్‌లోనండి."

"ఏ షాపు? అక్కడ నాకు తెలియని షాపు లేదు."

"పేరు చూసుకోలేదండి."

"ఎంతకి?"

"ఇచ్చినంతకి."

నాకు ఒళ్లు మండింది. నాలుగు గంటల్లో జైలుకి పోయే మనిషి నన్ను ఇంత చవగ్గా మోసం చేస్తున్నాడు. "ఏ ఊరు మీది?"

"నాగాయలంక పక్కనండి. సముద్రం మీద ముప్పయ్యేళ్లు చేశాను. ఉబ్బసం వచ్చాక ఇటొచ్చాం."

"అక్కడ చేపలు కూడా ఇచ్చినంతకే అమ్మేవాడివా? ఎవడొచ్చి బుట్ట ఎత్తుకుపోయినా చూస్తూ నిలబడేవాడివా?"

పేరయ్య తల ఎత్తాడు. మొదటిసారి కళ్లలో రోషం కనిపించింది. "మా బుట్ట చీటీ లేకుండా పడవ దిగదండి! కొనేవాడు ఎంత షావుకారైనా సరే. ఏం తీసుకెళ్లాడో రాసి సంతకం పెడతాడు, కింద మేం వేలిముద్ర వేస్తాం. ఆ చీటీ మా దగ్గరే ఉంటుంది. మా తాత కాలం నుంచీ..."

అక్కడ ఆగిపోయాడు. చెప్పకూడనిది చెప్పిన మొహం.

"యంత్రాలకి కూడా చీటీ తీసుకున్నావు," అన్నాను మెల్లగా.

"లేదండి."

"ఎవరు రాసిచ్చారు?"

"నేనే తీశానండి. నేనే." దగ్గు ముంచుకొచ్చింది. దగ్గు మధ్యలో, "మా కొండలమ్మని ఇంట్లో కూకోవద్దని చెప్పండి. బేరానికి పొమ్మనండి," అన్నాడు. కానిస్టేబులు టైమయిందన్నాడు.

బయటికొచ్చి ఆటోనగర్‌లో రంగులు వేసే వెంకటప్పయ్యకి ఫోన్ చేశాను. పార్కుల్లో పెట్టే యంత్రాలకి రంగు ఎవరేస్తారని అడిగాను.

"నేనే అన్నా. ఆరేగా?"

"ఆరేమిటి? ఎన్ని పార్కులు బాగుచేస్తున్నారో తెలుసా?"

"పార్కులెన్నో నాకు తెలీదు, మెషీన్లు ఆరే. రెండు నెలల్లో ఎనిమిదిసార్లు వేశా. ఒకసారి పసుపు, ఒకసారి నీలం. సైకిల్ మెషీన్ పెడలుకి సొట్ట ఉంది. ఎనిమిదిసార్లూ అదే సొట్ట. సరిచేస్తానంటే డ్రైవరు వద్దంటాడు, టైము లేదట."

"పోయిన శుక్రవారం వానకి ముందు తెచ్చారా?"

"తెచ్చారు, పన్నెండో తేదీ బుధవారం. సాయంత్రం నాలుగింటికి దించారు. తెల్లారేసరికి ఎర్రరంగు కావాలని నా ప్రాణం తీశారు. పటమట పంపాలట."

రోడ్డు పక్కనే నిలబడిపోయాను. ఆరు యంత్రాలు. ఒక పార్కులో బిగించడం, ఫొటో తియ్యడం, గ్రాంటు రాబట్టడం, విప్పడం, రంగు మార్చడం, ఇంకో పార్కులో బిగించడం. ఎక్కడైనా తనిఖీ అంటే పాత రంగు వేసి పాత బోల్టులకే తిరిగి బిగించడం. నట్లకి గ్రీజు అందుకే. ఈసారి శనివారానికి యంత్రాలు తిరిగి వచ్చే వీల్లేక దొంగతనం కట్టారు. కాంట్రాక్టరు మాస్టారి కళ్లు కూడా కప్పాడనుకున్నాను. ఒక్క సరుకుని ఎనిమిదిసార్లు అమ్మారు. వ్యాపారిగా చెప్తున్నాను, అసూయ కలిగింది.

"కోర్టుకొచ్చి ఈ మాట చెప్తావా వెంకటప్పయ్యా?"

"వాళ్ల దగ్గర నాకు మూడు బిల్లులు రావాలన్నా," అని పెట్టేశాడు.

* * *

వెంకటప్పయ్య షెడ్డు దాకా వెళ్లి బతిమాలినా లాభం లేక, మోటారు గదికి మళ్లీ చేరేసరికి రెండుంపావు. కొండలమ్మ గుమ్మంలో కూర్చుని బుట్టలో చేపల మీద తడిగుడ్డ కప్పుతోంది. లోపల గోడకి వంచిన ఇనప తీగ, దానికి గుచ్చిన చీటీలు ఒక జానెడు మందాన.

"ఆ యంత్రాల చీటీ ఇవ్వమ్మా," అన్నాను.

"ఏ చీటీ?"

"గంటా ముప్పావులో మీ ఆయన్ని జైలుకి పంపుతారు. నీకు అర్థమవుతోందా?"

"అవుతోంది."

"మరి?"

"నాకు తెల్దు బాబూ."

ఇక నా వల్ల కాలేదు. పొద్దుటి నుంచీ తిండి లేదు. జైలుకి పోయేవాడు నిజం చెప్పడు, వాడి పెళ్లాం కాగితం ఇవ్వదు, రంగులవాడు బిల్లు వదులుకోడు. "నీ మొగుడి కోసం మాస్టారు సొంత డబ్బు పెట్టి నన్ను పంపారు. నువ్వేమో రాయిలా కూర్చున్నావు. ఆయనకున్న బాధ కూడా నీకు లేదా?"

కొండలమ్మ గుడ్డ కప్పడం ఆపింది. "మూడుసార్లు అడిగినా ఆయనకివ్వలేదు. ఆయన పంపిన మీకెందుకిస్తాను?"

అయిదు సెకన్లు పట్టింది నాకు. ఇరవై ఎనిమిదేళ్లుగా లెక్కలు కట్టే బుర్రకి అది చాలా ఎక్కువ.

"మాస్టారు అడిగారా? చీటీ?"

"అరెస్టుకి ముందోసారి. తర్వాత రెండుసార్లు. చింపేశామని చెప్పాను, నమ్మలేదు. ఇప్పుడు మీరొచ్చారు."

నేను గుమ్మం బయట నేల మీద కూర్చున్నాను. జేబులోంచి కవరు తీశాను. "అమ్మా, ఒక మాట. నేను పదిహేను వేలు అడిగాను. మాస్టారు బేరం ఆడలేదు."

"అసలు ఆడలేదా?"

"అసలు ఆడలేదు."

"పావలా కూడా తగ్గించమనలేదా? కట్ట తోటకూర దగ్గర కూడా అర్ధగంట తినేస్తాడే ఆ మహానుభావుడు!" నన్ను జాలిగా చూసింది. "అడక్కుండా కొన్నవాడు ఆ చేపని తినడానికి కొనడు బాబూ. మీకు ఆ మాత్రం తెలీలేదా?"

తెలియలేదు. తెలిసీ జేబులో పెట్టుకున్నానేమో కూడా.

"చీటీ నా చేతికివ్వకు," అన్నాను. "నీ చేత్తోనే పట్టుకో. నేను చదువుతాను, అంతే."

కాసేపు నా మొహంలో ఏదో తూచింది. లేచి వెళ్లి, తీగ మధ్యలోంచి ఒక కాగితం లాగి, నా కళ్ల ముందు పట్టుకుంది.

"పార్కులోని ఆరు వ్యాయామ యంత్రములు రంగు నిమిత్తం తీసుకువెళ్లడమైనది. 12వ తేదీ బుధవారం, మధ్యాహ్నం 12-40." కింద లారీ నంబరు. దాని కింద పేరయ్య వేలిముద్ర. పక్కన సంతకం.

సంతకం దాకా వెళ్లక్కర్లేదు. కవరుని చీటీ పక్కన పెట్టాను. అవే ముత్యాలు.

"చీటీ రాస్తేనే గేటు తీస్తానని మా ఆయన అరగంట నిలబెట్టాడు," అంది కొండలమ్మ. "క్రేను వాడు గంటకింతని అరుస్తున్నాడు. తిట్టుకుంటూ రాసిచ్చాడు మాస్టారు. తర్వాత ఆయనే వచ్చి, చీటీ మీద నీ వేలిముద్ర కూడా ఉంది, బయటపడితే నువ్వూ దొంగవే అన్నాడు. ఒప్పుకుంటే పది రోజుల్లో బెయిలు, ఈ గది మీకే ఉంటుంది, లేకపోతే ఇవాళే సామాను బయట అన్నాడు. మా ఆయన నమ్మాడు. నేన్నమ్మలేదు. అందుకే దాచాను."

"మాస్టారు పంపని మనిషి ఎవరైనా వస్తే చూపించేదానివా?"

"వచ్చారా ఎవరైనా?"

నా ఫోన్ మోగింది. రెండూ యాభై రెండు. మాస్టారు.

"ఏమైనా దొరికిందా దత్తాత్రేయగారూ?"

"వెతుకుతున్నానండీ."

"వెతకండి, వెతకండి. నేను గేటు దగ్గరికి వచ్చేశాను." ఆ మాటల వెనక గొలుసు లాగిన చప్పుడు, తాళం పడిన చప్పుడు. ఫోన్లోనూ వినిపించాయి, గేటు వైపు నుంచీ వినిపించాయి.

పార్కు గోడ నిలువెత్తు కంటే ఎక్కువ, మీద గాజు పెంకులు. గేటు ఒక్కటే. దానికి ఆయన వేసింది వేరే తాళం, చెవి ఆయన చేతిలో. అసలు కాగితం లోపల, కోర్టు అయిదు కిలోమీటర్ల అవతల.

ప్రద్యుమ్నకి ఫోన్ చేశాను. పక్క వీధిలో టీ తాగుతున్నాడు.

"ప్రద్యుమ్నా, కాపలావాడు దొంగైతే మీ కంపెనీ క్లెయిము ఇవ్వక్కర్లేదు. సరే. క్లెయిము పెట్టినవాడే దొంగైతే?"

అవతల టీ గ్లాసు బల్ల మీద పెట్టిన శబ్దం. "రుజువు?"

"సంతకం, తేదీ, లారీ నంబరు. నీకు ఫొటో పంపుతున్నాను. పటమట పార్కుకి కూడా మీ కంపెనీ పాలసీయేనా?"

"పటమటతో పాటు ఇంకో ఆరు పార్కులకి." గొంతు మారిపోయింది. "గురువుగారూ, మీకేం కావాలి?"

"నీ కారు. పది నిమిషాల్లో ఒక చేపల బుట్ట గేటులోంచి బయటికొస్తుంది. నాలుగు లోపు ఆ బుట్టని కోర్టులో లాయరు ఉషశ్రీ దగ్గర దింపు."

"చేపల బుట్టా! నా సీట్లు..."

"ఎనిమిది పార్కుల పాలసీలు ప్రద్యుమ్నా."

"ఎక్కించుకుంటాను."

కొండలమ్మ అప్పటికే చీటీని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చేపల అడుగున తోసి, తడిగుడ్డ కప్పేసింది. నేను తీగ నుంచి ఇంకో చీటీ లాగి నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో పట్టుకున్నాను.

* * *

గేటు ఊచల అవతల మాస్టారు, తెల్ల పంచె, చేతిలో గొడుగు. నా పిడికిలి చూశారు. ఇక ఇంకెటూ చూడలేదు.

"దొరికిందన్నమాట."

"దొరికిందండీ. చదివాను కూడా."

కొండలమ్మ బుట్టతో నా పక్కకి వచ్చి నిలబడింది. "గేటు తీయండి మాస్టారూ. చేపలు పాడైపోతాయి."

"కోర్టుకి వెళ్లవా?"

"వెళ్లి ఏడవనా? ఈ పూట అమ్ముకుంటే రేపు లాయరుకి ఇవ్వడానికుంటుంది."

ఆయనకి అది సబబుగా తోచింది. మేమిద్దరం ఒంటరిగా మాట్లాడుకోవాలని కూడా తోచినట్టుంది. "వెళ్లు, వెళ్లు," అని తానే తాళం తీసి, ఆవిడ నడవడానికి పంచె పక్కకి లాక్కుని దారిచ్చారు. ముక్కు మూసుకున్నారు కూడా. మళ్లీ తాళం వేశారు. మూడూ ఎనిమిది.

"దత్తాత్రేయగారూ, ఆ చీటీ నాకివ్వండి. ఇంకో పదిహేను."

ఇరవై రెండేళ్లు ఏ పని చేశానో ఆ పని మొదలుపెట్టాను. "లక్ష," అన్నాను.

"లక్షా! అన్యాయమండీ."

అప్పుడాడారు బేరం. పొద్దున్న దాచుకున్నదంతా బయటికొచ్చింది. ఇరవై అన్నారు. పెన్షను మనిషినన్నారు. నేను తొంభై అయిదుకి దిగాను. సొమ్మంతా కాంట్రాక్టరే తిన్నాడన్నారు. మరి కాంట్రాక్టరునే పిలవండన్నాను. నలభై దగ్గర నేను రెండుసార్లు వెనక్కి తిరిగి మోటారు గది వైపు నడిచాను, రెండుసార్లూ పిలిచారు. మూడూ ముప్పై మూడుకి అరవై దగ్గర తెగింది. గేటు తీశారు. డబ్బు సాయంత్రం ఇస్తానని ఒట్టు పెట్టారు. నేను చీటీ చేతిలో పెట్టాను.

మడతలు విప్పి చదివారు. "బొచ్చెలు నాలుగు, జెల్లలు రెండు కిలోలు..." పెదవులు ఆగిపోయాయి. వీధి చివరికి చూశారు. ఆవిడ వెళ్లి ఇరవై అయిదు నిమిషాలు.

ఫోన్ తీసి ఎవరికో నొక్కబోయారు.

"ఆటోలో వెళ్లి ఉంటుందని, ఆపడానికి మనుషుల్ని పంపుతున్నారా మాస్టారూ? ఆవిడ ఆటో ఎక్కలేదు. ఇన్సూరెన్సు వాళ్ల కార్లో వెళ్లింది. ఈపాటికి కోర్టు మెట్లెక్కుతూ ఉంటుంది."

ఆయన గేటు పట్టుకుని నేల మీద కూర్చున్నారు. ఆ క్షణం నాకు పొద్దుటి నుంచీ దొరకని ఊపిరి దొరికింది. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. మూడూ నలభై ఒకటి. ప్రద్యుమ్న. వెనక వంద హారన్లు.

"గురువుగారూ, ఫ్లైఓవర్ దిగుతూ ఆగిపోయింది. గేరు పడుతుంది, బండి కదలదు. పొగ. నా వెనకంతా జామ్. ఆటోలు కూడా కదలడం లేదు. క్లచ్ ప్లేటు!"

"ఆవిడేదీ?"

"దిగి వెళ్లిపోయింది. బుట్ట నెత్తిన పెట్టుకుని. ఎటెళ్లాలో చెప్పమంది, కోర్టు వైపు చెయ్యి చూపించానో లేదో కార్ల మధ్య దూరిపోయింది."

ఫ్లైఓవర్ దగ్గర నుంచి కోర్టుకి కిలోమీటరున్నర. మామూలు మనిషికి ఇరవై నిమిషాలు. అంటే నాలుగు దాటిపోతుంది. పొద్దున్న ఆ నడక వెనక నేను పరిగెత్తాను. పదిహేను నిమిషాలు పడుతుందనుకున్నా మూడూ యాభై ఆరు. నాలుగు నిమిషాలు మిగులు. పేరయ్య ఊపిరి ఆ నాలుగు నిమిషాల మీద ఉంది. ఆ నాలుగూ కూడా నేను ఎనిమిది నెలల కింద డబ్బా మార్చి సంపాదించిన తొమ్మిది వందల రూపాయల్లోంచే తరుగుతున్నాయి.

"వింటున్నారా గురువుగారూ?"

"వింటున్నాను," అన్నాను. "ప్రద్యుమ్నా, అది డూప్లికేటే."

అవతల కారు తలుపు దబ్బున వేసిన చప్పుడు.

"ఆ సంగతి తర్వాత తేల్చుకుందాం. నేనూ పరిగెడుతున్నాను," అన్నాడు.